గోరాన్ పద్యం: పది అన్నారు, నాకు తొమ్మిదే వస్తున్నాయి

నీలికొండ
ఇరాక్ కుర్దిష్ కవి అబ్దుల్లా గోరాన్ (1904–1962) గురించి ఎవరు రాసినా ఒకటే మాట: పాదానికి పది అక్షరాలు, ఐదు దగ్గర విరుపు. సరే చూద్దామని హవ్రామాన్ కొండల మీద ఆయన రాసిన పద్యం, అందరూ ఉదహరించేదే, కుర్దిష్ లిపిలో ముందు పెట్టుకుని అచ్చులు ఒక్కొక్కటే లెక్కబెట్టాను. కనబడ్డది కనబడ్డట్టు తెలుగులో దించితే ఇలా ఉంది:

కోమెలె షాఖే, సెఖ్త్ ఉ గెర్ద్‌న్‌కెష్
ఆస్మానీ షీనీ గ్ర్‌తోతె బావెష్

మొదటి పాదం 5+4. రెండో పాదమూ 5+4. అచ్చుతప్పు అనుకుందామా అంటే రెండు పాదాల్లోనూ ఒకే చోట తప్పు పడుతుందా? లేక "పది" అన్నదే ఒకరిని చూసి ఒకరు రాసిన మాటా?

మూగవీణ
గ్ర్‌తోతె! అది పలికితే నాలుక ముడిపడుతుంది.

లిపికారుడు
మూగవీణ గారు నవ్వుతూ అసలు జవాబు చెప్పేశారు. పలకలేకపోతున్నామంటే అక్కడ రాయని అచ్చు ఒకటి ఉందన్నమాట.

గోరాన్ రాసిన సొరానీ (కుర్దిష్‌లో ఒక మాండలికం) అరబ్బీ లిపిలోనే రాస్తారు గానీ, అరబ్బీలోలా హ్రస్వాచ్చులు ఎగ్గొట్టరు. 1920ల నుంచి జరిగిన లిపి సంస్కరణలతో ఎ, ఏ, ఆ, ఈ, ఓ, ఉ, ఊ అన్నిటికీ గుర్తులు వచ్చాయి. మిగిలిపోయింది ఒక్కటే: పొట్టి "ఇ". దానికి ఇప్పటికీ గుర్తు లేదు, చదివేవాడే వేసుకోవాలి. లాటిన్ లిపిలో రాస్తే మాత్రం ఆ ఇ కనబడుతుంది. అందుకే లాటిన్‌లో లెక్కబెట్టినవాళ్ళకి పది వస్తుంది, మీకు తొమ్మిది వచ్చింది.

గెర్ద్‌న్‌కెష్ కాదు, గెర్దిన్‌కెష్. గ్ర్‌తోతె కాదు, గిర్తోతె. ఇప్పుడు లెక్కబెట్టండి:

కో-మె-లె-షా-ఖే | సెఖ్-తు-గెర్-దిన్-కెష్
ఆస్-మా-నీ-షీ-నీ | గిర్-తో-తె-బా-వెష్

5+5, 5+5. పొల్లు హల్లుకి విడిగా లెక్క లేదు, ముందు అచ్చుతో కలిసిపోతుంది. సెఖ్త్ చివరి త్ తరవాతి "ఉ"తో కలిసి "తు" అయింది చూడండి.

నీలికొండ
అయితే హల్లులు వరసగా కనబడ్డ ప్రతిచోటా ఇ దూర్చేయడమేనా? అలా చేస్తే సెఖ్త్ కూడా సెఖిత్ అయి పదకొండు వస్తుంది.

లిపికారుడు
అందుకే అన్నిచోట్లా దూర్చకూడదు. మాట చివర రెండు హల్లులు నిలబడగలవు: ఖ్త్, ర్ద్, స్త్, న్ద్ లాంటివి. అక్కడ ఇ వద్దు. మాట మొదట్లో మాత్రం రెండు హల్లులు నిలవవు, కాబట్టి గ్ర్ అని మొదలైతే మధ్యలో ఇ ఉన్నట్టే. మాట నడుమ మూడు నాలుగు హల్లులు గుంపుకడితే (ర్-ద్-న్-క్) ఎక్కడో ఒకచోట తెగాలి. ఇంకొకటి కొత్తవాళ్ళు తరచు పడే గొయ్యి: "వ" హల్లుకీ "ఉ" అచ్చుకీ ఒకటే అక్షరం, "య"కీ "ఈ"కీ కూడా అంతే. బావెష్‌లో ఉన్నది వ. దాన్ని ఉ అనుకుంటే బా-ఉ-ఎష్ అని మూడు లెక్కేస్తారు. చివరిది, అచ్చు మీద అచ్చు పడితే సంధి జరుగుతుంది. "లె" పక్కన "ఎమ్" వస్తే "లెమ్" ఒక్కటే.

చార్మినార్_చాయ్
ఈ రెండు పాదాలల్ల సగం మాటలు హైదరాబాదోళ్ళకు తర్జుమా లేకుండనే అర్థమైతయ్ గదా. సఖ్త్ అంటే సఖ్తే. గర్దన్ అంటే మెడ. ఆస్మాన్ చెప్పే పనే లేదు. గర్దన్‌కష్ అంటే మెడ నిక్కబొడుచుకున్నోడు, తలవంచనోడు. "షాఖ్" ఒక్కటే మోసం చేస్తది. ఉర్దూల కొమ్మ, ఇక్కడ కొండ.

ఇగ ఇరాక్‌ల ఈ కుర్దిష్ కవుల ఊరు పేరు సులేమానియా. మా సులేమానీ చాయ్ ఆడికెల్లే వచ్చిందని ఎవరన్నా అంటే నమ్మకుండ్రి.

కొత్తసభ్యుడు27
అంటే అర్థం "కొండల గుంపు, కరుకుగా మెడ ఎత్తి, నీలాకాశాన్ని కౌగిట పట్టుకుంది" అనేనా?

చార్మినార్_చాయ్
గదే. షీన్ అంటే నీలం, బావెష్ అంటే కౌగిలి. కెష్–వెష్ ప్రాస కూడ సూడుండ్రి.

అనువాదయాతన
నా మాట: గోరాన్ కుర్దుల గురజాడ. ఇద్దరూ పండితుల ఛందస్సు పక్కనపెట్టి జనం పాటలోంచి నడక తెచ్చుకున్నారు, ఇద్దరూ మామూలు మాటల్లో రాశారు. తెలుగువాడికి గోరాన్‌ని పరిచయం చేయాలంటే ఈ ఒక్క వాక్యం చాలు.

గణవిభజన
చాలదు. పైగా తప్పుదారి పట్టిస్తుంది. ముత్యాల సరం మాత్రల లెక్క: మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ సాగే మిశ్రగతి. అందులో గురువు రెండు, లఘువు ఒకటి. అక్షరాలు ఎన్నైనా రావచ్చు. గోరాన్ వాడిన ఈ పది అక్షరాల పాదంలో గురులఘువుల ఊసే లేదు. "ఆస్" అయినా "లె" అయినా విలువ ఒకటే. వేళ్ళు ముడిచి లెక్కబెట్టుకోవడమే. అందుకే దాన్ని "కేషీ పెంజె" అంటారు, వేళ్ళ ఛందస్సు. టర్కీ వాళ్ళూ తమ అక్షర ఛందస్సుని "పర్మక్ హెసాబి" అంటారు, అదీ వేళ్ళ లెక్కే.

మన వైపు గురులఘువులతో పోల్చదగ్గది ఆయన వదిలేసింది: అరూజ్, అంటే అరబ్బీ, పారశీక కవుల ఛందస్సు. ఉదాహరణకి హజజ్ అనే నడక తీసుకోండి. గణం "మఫాఈలున్", అంటే ఒక లఘువు, మూడు గురువులు. అలాంటివి నాలుగు, పాదానికి 16 అక్షరాలు, ఏ స్థానంలో ఏది రావాలో ముందే ఖరారు. గజల్ రాసేవాళ్ళు తెగ వాడే నడక. ఇది మన వృత్తాల్లాంటిది. గురజాడ గురులఘువుల్ని వదల్లేదు, గణాల పట్టు సడలించాడు. గోరాన్ ఆ తూకాన్నే పక్కనపెట్టాడు.

అనువాదయాతన
సాంకేతికంగా ఒప్పుకుంటాను. నేనన్నది పని గురించి, పనిముట్టు గురించి కాదు.

గణవిభజన
కవిత్వంలో ఆ రెంటినీ విడదీస్తే మిగిలేది సన్మానపత్రం.

పాతపత్రిక
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. పది అక్షరాల పాదం గోరాన్ కనిపెట్టింది కాదు. పక్కనే గోరానీ అనే మరో భాషలో (హవ్రామీ అన్నా దగ్గర దగ్గరగా అదే) ఎన్నో తరాలుగా కవులు 5+5లోనే రాశారు. 19వ శతాబ్దపు మౌలవీ అందులో పెద్ద పేరు. సులేమానియా సొరానీ కవులు, అంటే నాలీ, సాలిం, కుర్దీ, మాత్రం ఆ ఊరిని ఏలిన బాబాన్ దొరల కాలంలో పారశీక పద్ధతి గజల్‌నీ అరూజ్‌నీ పట్టుకుని వాటినే పెద్ద కవిత్వం చేశారు. జనం పాట ఒక లెక్కలో, పుస్తకం పద్యం మరో లెక్కలో నడిచాయి. పీరెమేర్ద్ అనే కవి (1867–1950) మౌలవీని సొరానీలోకి తెచ్చి ఆ నడకని దగ్గర చేశాడు. గోరాన్ చేసింది, ఆ జనం నడకని ఆధునిక సొరానీ కవిత్వానికి నడివీధి చేయడం.

ఆయనకి ముందు షేఖ్ నూరీ షేఖ్ సాలిహ్ (1896–1958) ఉన్నాడు. 1920ల్లో ఒట్టోమాన్ టర్కిష్ కొత్త కవిత్వం చూసి పద్యరూపం మార్చే పని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. ఆయన పేరు లేకుండా "గోరాన్ ఒక్కడే మార్చేశాడు" అని రాస్తే అది సగం చరిత్ర.

కొత్తసభ్యుడు27
గోరానీ భాష ఉందంటున్నారు, మరి గోరాన్ గోరానీలో రాయలేదా? పేరు అదే కదా. పైగా గోరాన్ అంటే "మార్పు" అని, అక్కడ ఆ పేరుతో పార్టీ కూడా ఉందని చదివాను.

లిపికారుడు
మూడూ వేరు. కవి కలం పేరు గోరాన్, మామూలు ర. అసలు పేరు అబ్దుల్లా సులేమాన్. రాసింది ప్రధానంగా సొరానీలో. గోరానీ ఒక భాష పేరు. సొరానీలో "గోరానీ" అంటే పాట అని కూడా అర్థం. ఇక మార్పు అనే మాట "గోఱాన్", గట్టి ర. కుర్దిష్‌లో రెండు ర-లు ఉన్నాయి. గట్టి ర కింద చిన్న గుర్తు పెడతారు. మన బండి ఱ ఇక్కడ పనికొస్తుంది. ఆధునిక తెలుగులో దాన్ని అటకెక్కించాం గానీ ఇలాంటప్పుడు దించుకోవచ్చు.

రెండు ల-లు కూడా ఉన్నాయి. కోమెలెలో ఉన్నది బరువైన ల, గొంతు వెనక నుంచి వచ్చేది. దానికి ళ వేయకండి. ళ పలికేటప్పుడు నాలుక వెనక్కి మడుస్తాం, అక్కడ మడవరు. మామూలు ల వేసి ఊరుకోవడమే మేలు.

మూగవీణ
ఈ వేదికలో బండి ఱకి పని దొరికిన మొదటి రోజు. స్వీట్లు పంచండి.

నీలికొండ
పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. జెగెర్‌ఖ్వీన్ అనే ఇంకో కవి పేరు తెలుగులో "సెగెర్‌క్స్విన్" అని చూశాను. ఏది సరి?

లిపికారుడు
మొదటిదే. ఆయన (1903–1984) రాసింది కుర్మాంజీ అనే మరో కుర్దిష్ మాండలికంలో, దానికి లాటిన్ లిపి. 1932లో డమాస్కస్ నుంచి జలాదత్ బదిర్‌ఖాన్ తెచ్చిన హవార్ పత్రికతో స్థిరపడిన 31 అక్షరాల వర్ణమాల. అందులో సి అక్షరం జ పలుకుతుంది, ఎక్స్ ఖ పలుకుతుంది. తోక ఉన్న సి చ, తోక ఉన్న ఎస్ ష. ఇంగ్లీషు చదువుతున్నట్టు చదివితే సెగెర్‌క్స్విన్ అవుతుంది పాపం.

మనకు అక్షరమే లేనిది ఆ వర్ణమాలలో జె పలికే శబ్దానికి. ఉర్దూలో మూడు చుక్కల "ఝె" ఉంటుందే, ఆ శబ్దం. "ఝీన్" అంటే బతుకు. అది సులేమానియా పత్రిక పేరు కూడా.

చార్మినార్_చాయ్
జిగర్, ఖూన్. కాలేజా నెత్తురు. కలం పేరంటే గట్ల పెట్టుకోవాలె.

పాతపత్రిక
ఝీన్ పేరు ఎత్తారు కాబట్టి ఆ దారి చెప్తాను, గోరాన్ జీవితం సగం అందులోనే ఉంది. 1920లో బ్రిటిష్ వాళ్ళ హయాంలో సులేమానియాలో పేష్‌కెవ్తిన్ అనే పత్రిక మొదలైంది. తరవాత పేర్లు మారుతూ ఝియానెవె, ఝియాన్ అయి, 1939 నుంచి ఝీన్ అయింది. పీరెమేర్ద్ చాలా ఏళ్ళు నడిపాడు, 1950లో పోయాడు. ఆ తరవాత 1950ల మొదట్లో గోరాన్ సంపాదకుడు.

అంతకుముందు హలబ్జా, హవ్రామాన్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి బడిపంతులు. రెండో ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలోని జాఫా నుంచి మిత్రరాజ్యాల కుర్దిష్ రేడియో ప్రసారాల్లో పనిచేశాడు. 1950లో రెండు సంపుటాలు వచ్చాయి: బెహెష్త్ ఉ యాద్‌గార్ (స్వర్గం, జ్ఞాపకం), ఫిర్మేస్క్ ఉ హునెర్ (కన్నీరు, కళ). ఆ దశాబ్దంలోనే వామపక్ష రాజకీయాల వల్ల ఇరాక్ రాజరిక ప్రభుత్వం ఒకటికి రెండుసార్లు జైల్లో పెట్టింది. 1958 జూలై 14 విప్లవం తరవాత బయట గాలి పీల్చి, బాగ్దాద్ విశ్వవిద్యాలయంలో కుర్దిష్ సాహిత్యం చెప్పాడు. క్యాన్సర్‌తో 1962 నవంబర్ 18న సులేమానియాలో పోయాడు.

కొత్తసభ్యుడు27
బ్రిటిష్ వాళ్ళ రేడియోలో పనిచేసి మళ్ళీ కమ్యూనిస్టా? పొసగడం లేదే.

పాతపత్రిక
సంవత్సరాలు చూడండి. 1941 జూన్ తరవాత సోవియట్, బ్రిటన్ ఒకే పక్షం. ఫాసిజానికి వ్యతిరేకంగా మాట్లాడటంలో వామపక్షం వాడికి ఇబ్బంది ఏముంది? యుద్ధం ముగిశాక దారులు వేరయ్యాయి. మన దగ్గరా ఆ రోజుల్లో "ప్రజాయుద్ధం" అన్నవాళ్ళు ఉన్నారు కదా.

కొత్తసభ్యుడు27
హలబ్జాలో పుట్టాడు కాబట్టి రసాయన దాడి మీద కూడా రాసే ఉంటాడు. ఆ పద్యం దొరుకుతుందా?

పాతపత్రిక
హలబ్జా మీద సద్దాం సైన్యం ఆ దాడి చేసింది 1988 మార్చి 16న. గోరాన్ పోయి అప్పటికి 25 ఏళ్ళు దాటింది. దాని మీద పెద్ద కవిత కావాలంటే షేర్కో బేకస్ (1940–2013) "దెర్బెందీ పెపూలె" చూడండి, సీతాకోకల లోయ అని అర్థం. స్వీడన్‌లో ప్రవాసంలో ఉన్నప్పటి రచన, 1991లో వచ్చింది. 1970లో రువాంగె అనే కొత్త కవుల బృందం ప్రకటనతో పదిలెక్కని కూడా దాటి వచనకవిత్వం వైపు వెళ్ళిన తరం ఆయనది. తండ్రి ఫాయక్ బేకస్ కూడా కవే. గోరాన్ తరవాతి గది షేర్కోది. కానీ మనం ఇంకా మొదటి గదిలోనే ఉన్నాం.

అనువాదయాతన
అసలు అరూజ్ ఎందుకు వదలాల్సి వచ్చిందో గణవిభజన గారు చెప్పలేదు. జాతీయభావం ఒక్కటే కారణమా?

గణవిభజన
భావం ఉంది, కానీ కొలతలోనూ ఇబ్బంది ఉంది. అరూజ్ అరబ్బీ మాటల దీర్ఘాలూ హ్రస్వాల మీద అల్లింది. కుర్దిష్ మాటని అందులో కూర్చోబెట్టాలంటే పొట్టి అచ్చుని సాగదీయాలి, లేదా నిడివైనదాన్ని నొక్కేయాలి. లిపికారుడు గారు చెప్పిన ఆ దొంగ "ఇ" ఇక్కడ మరీ ఇబ్బంది, ఉందో లేదో తెలియని అచ్చుని లఘువనాలా? దానికన్నా గణానికి సరిగ్గా సరిపోయే అరబ్బీ మాట తెచ్చి వేసుకోవడం సులువు. అలా ఛందస్సు వెంట నిఘంటువు కూడా వచ్చేసింది. గజల్‌కి పద్యమంతా ఒకే అంత్యప్రాస కావాలి, దానికీ అరబ్బీ తద్ధితాలు కావాలి. గోరాన్ 5+5 తీసుకుని, రెండేసి పాదాలకి ఒక ప్రాస చొప్పున మార్చుకుంటూ పోయేసరికి ఆ రెండు అవసరాలూ తీరిపోయాయి. అరబ్బీ మాటలు తగ్గడం ప్రతిజ్ఞ వల్ల కొంత, అవసరం లేకపోవడం వల్ల చాలా.

మన దగ్గర యతిప్రాసల కోసం సంస్కృత సమాసం దించడం తెలిసిందే కదా.

చార్మినార్_చాయ్
మరి ఆస్మాన్, గెర్దన్, సఖ్త్ ఎట్ల ఉండిపోయినయ్? తీసెయ్యలె గదా.

లిపికారుడు
అవి అరబ్బీ కావు. కుర్దిష్, ఫార్సీ రెండూ ఇరానీ కుటుంబమే, ఇటువంటి మాటలు అక్కడ ఇంటి మాటలే. హైదరాబాదుకి అవి ఉర్దూ ద్వారా వచ్చాయి, అంతే తేడా.

అనువాదయాతన
సరే, చర్చ చాలు. తెలుగులో 5+5 నిలబడుతుందా? ఒక ప్రయత్నం:

కొండల గుంపు మెడ వంచదే
నీలి ఆకాశం కౌగిట బట్టె

అక్షరాలు లెక్కబెట్టుకోండి, నాలుగు సగాలూ ఐదే.

గణవిభజన
అక్షరాలు ఐదే, కానీ చెవికి కుంటుతోంది. తెలుగు చెవి మాత్రలు వింటుంది, వద్దన్నా వింటుంది. మాత్రలు వేస్తే 7, 7, 9, 7. "నీలి ఆకాశం" దగ్గర బండి గతుకులో పడింది. "నీలి గగనం" చేస్తే అక్షరాలు ఐదే, మాత్రలు ఏడు. నాలుగు సగాలూ ఏడుకి వస్తాయి. కుర్దిష్‌లో అక్కర్లేని రెండో లెక్క తెలుగులో తప్పదు. అనువాదంలో అసలు కష్టం ఇదే.

నీలికొండ
"నీలి గగనం కౌగిట బట్టె" అంటే ఆకాశమే కొండల్ని పట్టుకున్నట్టు లేదూ? "ఆ గగనాన్ని" అంటే? అక్షరాలు ఐదు, మాత్రలు ఏడు.

చార్మినార్_చాయ్
షీన్ పోతది. నీలం లేకుంటే ఆ కొండలకు అందమేముంది?

అనువాదయాతన
ప్రాస కూడా పోయింది, కెష్–వెష్ లాంటిది ఏదీ లేదు. ఇలా చూడండి:

కొండల గుంపు మెడ పైకెత్తె
నీలి గగనం కౌగిటికెత్తె

ఎత్తింది కొండలే అని పై పాదంలోనే తేలింది కాబట్టి కింద తికమక తగ్గింది. 5+5, 7+7, ప్రాస కుదిరింది.

గణవిభజన
ఏడు కూడా ప్రతిచోటా 4+3గా విరిగింది. కొండల/గుంపు, మెడపై/కెత్తె, కౌగిటి/కెత్తె. "నీలిగ/గనం" మాట మధ్యలో విరిగినా పాడితే తెలియదు. ఒప్పుకున్నాను.

నీలికొండ
సెఖ్త్ ఎక్కడ? ఆ కరుకుదనం కదా మొదట తగిలేది. "కరకు కొండల్ మెడ పైకెత్తె" అంటే గుంపు బదులు బహువచనం ఉంది, సెఖ్త్ వచ్చింది, అక్షరాలు ఐదు, మాత్రలు ఏడు.

గణవిభజన
కరకు మూడు, కొండల్ నాలుగు. మిగతావన్నీ 4+3 నడుస్తుంటే ఇదొక్కటి 3+4. పైగా ఆ "కొండల్" వినగానే ప్రబంధం వాసన కొడుతోంది, గోరాన్ పారిపోయింది దాన్నుంచే.

మూగవీణ
కొండ ఎక్కేటప్పుడు మొదటి అడుగు అలాగే తడబడుతుందిలెండి. నా ఓటు కరకు కొండలకే.

గణవిభజన
ఓట్లతో గణాలు కుదరవండీ. "ల్" తీసేసి ఏడు మాత్రలు పట్టుకొస్తే అప్పుడు చూద్దాం.